గీకకుండా వేసిన రంగు

చిరంజీవి తమ్ముడికి, పెద్దక్క దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే నేనూ, పక్కవీధిలో చిన్నక్కా వాళ్ళూ, నా కుట్టుమిషనూ. మిషను ఒక్కటే కొంచెం మూలుగుతోంది. నువ్వూ మరదలూ బాగున్నారని తలుస్తాను. పొద్దుటి ప్రార్థనలో మీ ఇద్దరి పేర్లూ రోజూ చెబుతున్నాను. ఈపాటికి దేవుడికి కంఠతా వచ్చేసి ఉంటాయి.

ఉత్తరాలు రాయించి నిన్ను విసిగిస్తున్నానని తెలుసు. ఫోన్లో నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. ఉత్తరంలో నువ్వు మధ్యలో రాలేవు. అందుకే ఇది.

నీ ఉత్తరం మిషను పక్కన పెట్టుకుని ఒక్కో ప్రశ్నకీ జవాబు రాస్తున్నాను. ఇంటి కప్పు కారడం లేదు. మందులు వేళకి వేసుకుంటున్నాను. కార్ల షెడ్డులో సీటు కవర్ల పని తగ్గించుకోమన్నావు. తగ్గించుకోను. మరదలు నా మోకాలి సంగతి అడిగింది. తగ్గుతోందని చెప్పు. ఎలా తగిలిందో చివర్లో రాస్తాను, ఆగు.

ఇక సైకిలు.

"మొదట ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉండాలక్కా, పిసరంత తేడా రాకూడదు" అని రాశావు. ఆ మాట కింద గీత కూడా గీశావు. ఆ గీత నాకు చాలా పనికొచ్చింది.

షెడ్డు వెనక గదిలో తార్పాలిను కింద నుంచి దాన్ని బయటికి లాగినరోజు నువ్వు చూసి ఉంటే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడివి. హ్యాండిలు వంగిపోయింది. చెయిను ఒకే ముద్ద. నీ నీలం రంగు సగం ఊడి, మిగతా సగం పొక్కులు పొక్కులుగా లేచి ఉంది. ఆ కంపెనీ ఒక్క ఏడాదే ఈ బీఎంఎక్స్ సైకిళ్ళు తయారుచేసి మూతపడిందనీ, ఇప్పుడు చూద్దామన్నా దొరకవనీ, మీ ఊరి పాత సైకిళ్ళ ప్రదర్శనలో దీన్ని మధ్యలో నిలబెడతారనీ నువ్వు రాస్తే గానీ నాకు తెలియదు. నాకు తెలిసిందల్లా ఇది గుట్టలెక్కి దూకే పొట్టి సైకిలని.

వీధి చివర సైకిలు షాపు స్పోకన్న నీకు గుర్తున్నాడు కదా. మనిషి చువ్వలా ఉంటాడని చిన్నప్పుడు మీరంతా పెట్టిన పేరే. ఇప్పటికీ అలాగే ఉన్నాడు, మీసం ఒక్కటే లావెక్కింది. బండిని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏంటక్కా ఇది, తమ్ముడి బండా? పాత ఇనుమువాడు కూడా ముట్టుకోడు."

"అందుకే నీ దగ్గరికి తెచ్చాను. విప్పు."

"విప్పుతా గానీ, మళ్ళీ బిగించాక ఎక్కేదెవరు?"

"ముందు విప్పు."

విప్పాడు. ప్రతి నట్టుకీ ఒక తిట్టు. నేను వినలేదనుకో. ప్రార్థనకి వచ్చే ఆడవాళ్ళు నా గోళ్ళలో గ్రీజు చూసి, "ఏంటి పెద్దక్కా, గ్యారేజీ పెట్టావా?" అన్నారు. పెట్టానన్నాను.

పసుపుపచ్చ ప్లాస్టిక్ చక్రాలు నీకు గుర్తుండవు. నీకు సైకిలు వచ్చేసరికే నాన్న వాటిని తీసేసి చువ్వల చక్రాలు బిగించాడు. అవి ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉన్నాయి. ఒకదానికి నీళ్ళ పైపు చుట్టి గోడకి తగిలించాం. రెండోదాని మీద పూలకుండీ పెట్టాం. రోజూ నీళ్ళు పోస్తూనే ఉన్నాను, కింద ఉన్నదేమిటో చూడలేదు. సబ్బునీళ్ళలో నానబెట్టి పళ్ళు తోమే బ్రష్షుతో రుద్దాను. ఎండ తగిలినవైపు రంగు వెన్నలా వెలిసిపోయింది. దాన్ని అలాగే ఉంచాను. ఎండ కూడా దాని వయసే కదా.

హ్యాండిలు మీదా, గొట్టం మీదా కట్టే మెత్తలు ఎలుకలు తినేశాయి. అవి నేనే కుట్టాను. ఎర్ర రెగ్జిను, అంచుకి తెల్ల తాడు. కొలతలు ఎవరినీ అడగలేదు. చేతులకి తెలుసు. "సీటు కవర్లు కుట్టే చెయ్యి కదా" అన్నాడు స్పోకన్న. కాదు, అందుకు కాదు. అది కూడా రాస్తాను.

నీ రెండో ప్రశ్న: నాన్న వేసిన రంగు ఎందుకు నిలవలేదు? "ఊళ్ళో కార్లన్నీ అద్దంలా చేసినవాడు నా సైకిలుకి మాత్రం చెత్తరంగు పూశాడు" అని రాశావు. ఈ మాట నీకు ఎనిమిదో ఏటి నుంచీ గొంతులో ఉంది. వానలో తడిస్తే పెచ్చులూడేది. పిల్లలు పొక్కుల బండి అని ఏడిపించేవాళ్ళు. నువ్వు కాలు నేలకేసి కొట్టి ఏడిస్తే నాన్న చిన్న కుంచె తెచ్చి, ఊడినచోట మళ్ళీ నీలం పూసేవాడు. నెల తిరక్కుండా అదీ ఊడేది.

దానికి జవాబు నాకు ఈ మధ్యే దొరికింది.

రంగు ఊడదీయడానికి స్పోకన్న ఘాటైన ద్రావకం సీసా తెచ్చాడు. మూత తీయకముందే నేను ఒక పొక్కు కింద గోరు పెట్టాను. ఎండకి కమిలిన వీపు మీద పొర లేచినట్టు, అరచేయంత ముక్క చేతికొచ్చింది. ఇంకోటి లాగాను. అదీ వచ్చింది. ద్రావకం అక్కర్లేకపోయింది. కింద తుప్పు లేదు, గీత లేదు. క్రోము, తమ్ముడూ. వెండిలాంటి క్రోము. ఆ గొట్టంలో నా మొహం సన్నగా, పొడుగ్గా కనబడింది, నెరిసిన జుట్టుతో సహా.

స్పోకన్న సీసా పక్కన పెట్టేశాడు. "మీ నాన్న దీన్ని గీకలేదక్కా" అన్నాడు.

షెడ్డులో నాన్న గొంతు నీకు గుర్తుందో లేదో. నేను అక్కడే సీటు కవర్లు కుడుతూ రోజూ వినేదాన్ని. "ముందు గీకండ్రా! నున్నటిదాని మీద రంగు కొడితే ఎవడికి నిలుస్తుంది?" అని కుర్రాళ్ళ మీద అరిచేవాడు. ఉప్పుకాగితంతో గరుకు చేయకుండా బంపరు మీద కూడా రంగు వేయనిచ్చేవాడు కాదు. ఒకసారి ఒకడు అలా వేస్తే, ఆరిన రంగంతా ఊడదీయించి మళ్ళీ మొదటి నుంచి చేయించాడు. అలాంటి మనిషి కన్నకొడుకు సైకిలుని గీకడం మరిచిపోతాడా? మరిచిపోలేదు. గీకలేదు. ఈ రెండూ వేరు.

ముందు గొట్టం మీద గట్టుగా ఉండేది చూడు, వెల్డింగు మచ్చ అని నాన్న నీకు చెప్పింది. అది వెల్డింగు కాదు. రంగు ఊడాక కింద గోధుమరంగు కాగితపు టేపు కనబడింది. రాయిలా బిగుసుకుపోయింది.

స్పోకన్న తల గోక్కున్నాడు. "రంగు పడకూడనిచోట కదక్కా ఈ టేపు వేస్తారు. వేసినవాడు మళ్ళీ దాని మీదే రంగు కొట్టాడేంటి?"

"పడకూడదనే వేశాడు."

"పడింది కదా మరి!"

"టేపు మీద పడింది. దాని కింద పడలేదు."

అతను టీ తెస్తానని వెళ్ళిపోయాడు. ఆ వంకన నన్ను ఒంటరిగా వదిలాడు. మంచివాడు.

జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడి చేస్తూ, కొబ్బరినూనె రాస్తూ ఆ టేపు కొంచెం కొంచెంగా లేపాను. అంచులు బ్లేడుతో కోసినట్టున్నాయి, నాన్న కోత. కింద కంపెనీ బొమ్మ, రెక్కలు విప్పిన ఎర్ర డేగ, రంగు తగ్గకుండా ఉంది. సీటు కింది గొట్టం మీద ఇంకో చిన్న టేపు ఉంది. దాని కింద నాన్న కుంచెతో రాసిన ఎర్ర అక్షరాలు. కార్ల వెనక అద్దాల మీద ఆయన రాసే అక్షరాలే, చివర తోక తిప్పినవి.

"పెద్దమ్మాయి" అని ఉంది.

ఇప్పుడు కుర్చీలో సరిగా కూర్చో. మరదల్ని కూడా పిలు.

ఆ సైకిలు నాది.

నీ కోసం కొన్నది కాదు. అసలు కొన్నదే కాదు. షెడ్డు యజమాని విదేశం నుంచి తన కొడుక్కి తెస్తే వాడు మొహం తిప్పుకున్నాడు. మూలన పడి ఉన్నదాన్ని నాన్న అడిగి ఇంటికి తెచ్చాడు. అప్పటికి నువ్వు పాలు తాగుతున్నావు. నాకు పన్నెండో ఏడు. ఇటుకబట్టీ వెనక మట్టిగుట్టల మీద పెద్ద మగపిల్లలు పందేలు వేసేవాళ్ళు. నేనూ వేశాను. మొదట్లో నవ్వారు. తర్వాత నా వెనకే వచ్చేవాళ్ళు, నవ్వడానికి ఊపిరి ఉండేది కాదు. హ్యాండిలుకి తొమ్మిది నంబరు పలక ఉండేది. ఎర్ర మెత్తలు అమ్మ కుట్టింది, నేను పక్కన కూర్చుని దారం ఎక్కించాను. చేతులకి కొలత తెలుసు అన్నానే, అందుకు.

పద్నాలుగో ఏట ఒక పందెం గెలిచి, పెదవి పగిలి ఇంటికొచ్చాను. చేతిలో రేకు కప్పు ఉంది. నాన్నమ్మ కప్పు చూడలేదు.

"మూతి పగలగొట్టుకొచ్చింది చూడు మహారాణి! గుట్టలెక్కి దూకే పిల్లని రేపు ఎవడు చేసుకుంటాడ్రా?" అని నాన్న మీద పడింది.

"సరేనమ్మా" అన్నాడు నాన్న.

సైకిలు తార్పాలిను కిందికి వెళ్ళింది. మూతి వారంలో మానింది. పెళ్ళి కాలేదు. ఆ రెండింటికీ సంబంధం లేదని నాన్నమ్మకి చివరిదాకా చెప్పలేకపోయాం.

నీకు ఎనిమిదో పుట్టినరోజు వచ్చినప్పుడు నాన్నమ్మే అంది, "మూలన పడుంది కదా, పిల్లాడికియ్యి. ఆడపిల్ల తొక్కిందని తెలీకుండా రంగు మార్చు" అని. నాన్న మళ్ళీ "సరేనమ్మా" అన్నాడు. గది తలుపు గడియ వేసుకుని రంగు వేశాడు. ఎవర్నీ రానివ్వలేదు. గాలికి దుమ్ము పడుతుందన్నాడు. నేను తలుపు బయట నిలబడి రంగు వాసన పీల్చాను. లోపల ఏం చేస్తున్నాడో ఇన్నేళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

తన తల్లికి ఎదురు చెప్పడం ఆయనకి రాదు. చేతిలో ఉప్పుకాగితం ఉంది, దాన్ని వాడలేదు. ఆయన ఎదురు తిరగడం అంతే. ఆ తర్వాత నువ్వు ఏడ్చిన ప్రతిసారీ కుంచె తెచ్చి పూశాడు, ఒక్కసారీ గీకలేదు. నీ ఏడుపుకీ నా క్రోముకీ మధ్య ఆయన ఎంత నలిగాడో ఆలోచిస్తే ప్రార్థనలో మీ పేర్ల కంటే ముందు ఆయన పేరే వస్తోంది.

ఎందుకు చెప్పలేదక్కా అంటావు. ఎనిమిదేళ్ళవాడివి, సైకిలు చూసి నీ మొహం దీపంలా వెలిగింది. చెప్పేదేముంది? తర్వాత నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు. ఇందులో ఎవరి తప్పూ వెతకను. నువ్వూ వెతక్కు. కాని ఊరుకున్నాను కాబట్టి ఒప్పుకున్నానని మాత్రం అనుకోకు.

ఇక నీ మిగతా ప్రశ్నలు.

నీలం అచ్చం అదే నీలమేనా? నీలం లేదు. వేయించను.

ప్రదర్శనవాళ్ళకి నీలం సైకిలని చెప్పేశావు, గోడపత్రికల్లో నీలం బొమ్మ వేయించారు. మార్పించుకో.

ఫోటో ఎందుకు పంపలేదు? పంపితే నువ్వు ఫోన్ చేసేవాడివి.

ఈ వయసులో నీకెందుకక్కా ఈ తుప్పు గొడవ, ఎవరికైనా అప్పజెప్పు, చూసినవాళ్ళు నవ్వుతారు అన్నావు. నవ్వనీ. నవ్వేవాళ్ళని వెనకెలా వదలాలో, ముందెలా పోవాలో నాకు పన్నెండో ఏటే తెలుసు.

టిఫిను చుట్టే వెండికాగితాన్ని ఉండ చేసి, నీళ్ళలో ముంచి, హ్యాండిలు మీద అక్కడక్కడ పట్టిన తుప్పు మచ్చల్ని నేనే రుద్దాను. దాని వంపు స్పోకన్న సరిచేశాడు. టైర్లు మాత్రం కొత్తవి, తప్పలేదు. పక్కలు లేత గోధుమరంగువే కావాలని వెతికాను. "నల్లవి వేసుకో అక్కా, ఎవడు చూస్తాడు?" అని స్పోకన్న బతిమాలాడు. నేను చూస్తానన్నాను. తొమ్మిది నంబరు పలక దొరకలేదు. నాన్న అక్షరం చూసి కొత్తది రాశాను. తోక కుదిరేదాకా చెరిపి రాశాను. మొదట ఎలా ఉండేదో అచ్చం అలాగే ఉంది. నువ్వు గీత గీసి మరీ అడిగింది అదే కదా.

ఇప్పుడు మోకాలు. బాత్రూంలో జారానని చిన్నక్క నీకు చెప్పింది. అది అబద్ధం, అలా చెప్పమని నేనే అన్నాను. ప్రార్థన చేసేదానివి అబద్ధమాడించావా అంటే, అవును, ఆడించాను. ఆ లెక్క దేవుడికీ నాకూ మధ్యది.

బట్టీ మూసేశారు. గుట్టల్లో ఒకటే మిగిలింది. పొద్దున ప్రార్థన కాగానే సైకిలు నడిపించుకుంటూ వెళ్ళాను. స్పోకన్న వద్దు వద్దంటూనే వెనకాల వచ్చాడు.

"అక్కా, ఎముకలు కొత్తవి దొరకవు, చెబుతున్నా!"

"టైర్లు దొరికాయిగా."

"కూర్చోకు, పెడళ్ళ మీద నిలబడు!"

"నాకు చెబుతున్నావా?"

ఎక్కాను. మొదటిసారి బాగానే దిగాను. గాలి అదే గాలి. మొహం మీద అలాగే కొట్టింది. రెండోసారి దిగేటప్పుడు బ్రేకు కోసం వేళ్ళు వెతికాయి. ఈ సైకిలుకి చేతి బ్రేకు లేదు, పెడలు వెనక్కి తొక్కితే ఆగుతుంది. వేళ్ళకి అది గుర్తులేదు. మోకాలు తగిలింది. స్పోకన్న పరుగెత్తుకొచ్చి ముందు సైకిలుని లేపి చూశాడు, ఆ తర్వాత నన్ను. నేనైనా అదే చేసేదాన్ని. గీత పడలేదు. చిన్నక్క కట్టు కడుతూ తిట్టి, తిట్టి, చివరికి నవ్వింది. అప్పట్లో గుట్ట కింద నిలబడి "తొమ్మిదీ, తొమ్మిదీ" అని అరిచింది అదే. నమ్మకపోతే దాన్నే అడుగు.

సైకిలు పక్కన పెట్టే అట్ట మీద రాయడానికి నువ్వు వాక్యం పంపి, అక్షరదోషాలు చూడమన్నావు. "మా నాన్నగారు నా ఎనిమిదో పుట్టినరోజుకి కొనిచ్చింది. మొదటి యజమానిని నేనే" అని. అక్షరదోషాలు లేవు. మిగతాదంతా మార్చు. మొదటి యజమాని పెద్దమ్మాయి అని రాయి. రెండో యజమానిగా నీ పేరు రాసుకో. నాకు సంతోషం. నాన్న ఏ రంగు ఎలా వేశాడో కూడా రాయి. ఆయన పనితనం చెత్త కాదని మీ ఊళ్ళో నలుగురికీ తెలియాలి. అలా రాయడం ఇష్టం లేకపోతే చెప్పు, సైకిలు రాదు. నా గదిలో తగిలించుకుంటాను. పైపు చుట్టను.

నీకు కోపం వస్తుంది. రానీ. ఇన్నేళ్ళు నీదనుకున్నది లాక్కుంటోందని అనిపిస్తుంది. ఈ కవర్లో ఒక నీలం పెచ్చు పెట్టాను, విరగకుండా తీసి అంచు వెలుతుర్లో చూడు. పొర మీద పొర కనబడతాయి. ప్రతి పొరా నువ్వు ఏడ్చిన ఒక రోజు, నాన్న కుంచె పట్టుకుని నీ పక్కన గొంతుకు కూర్చున్న ఒక రోజు. నాతో ఆయన అలా ఎప్పుడూ కూర్చోలేదు. అవి నీవి. మిగతా పెచ్చులు డబ్బాలో దాచాను, ఒక్కటీ పారేయలేదు. వచ్చేటప్పుడు తెస్తాను.

అవును, నేనే తెస్తున్నాను. పార్సిల్ వేయను. నీ జవాబు రాగానే రైలెక్కుతాను. నువ్వు స్టేషనుకి రావద్దు, కారు పంపొద్దు. స్టేషను నుంచి మీ ఇంటిదాకా దారంతా పల్లమేనని మరదలు ఒకసారి రాసింది. పొద్దుటి బండికే దిగుతాను. గేటు బార్లా తీసి ఉంచు. పెడలు వెనక్కి తొక్కడం వేళ్ళకీ కాళ్ళకీ ఇంకా పూర్తిగా కుదరలేదు.

ఇట్లు,
మొదటి యజమాని,
నీ పెద్దక్క